నాలుగు వందల ఒకటో మొక్క

తక్కువైతే ఏం చేయాలో ప్రపంచంలోని ప్రతి కార్యాలయానికీ తెలుసు. ఎక్కువైతే ఏం చేయాలో ఒక్క కార్యాలయానికీ తెలియదు. నాగరికత ఇంత దూరం నడిచొచ్చి కాలు మడత పెట్టుకుని కూలబడిందీ ఇక్కడే.

ఈ మహాసత్యం ఒక శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి, టీకా మొక్కల సంస్థలోని మూడో నంబరు గ్రీన్‌హౌస్‌లో బయటపడింది. అప్పటికే పరిస్థితి చేయి దాటిపోయింది. గోడ మీద ఎర్ర దీపం గిరగిరా తిరుగుతోంది. కత్తెరలు పట్టుకున్న ఆరుగురు ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోయారు. తలుపు పక్కనున్న తెర మీద అరచేయంత అక్షరాలు వెలుగుతున్నాయి.

"ఉండవలసిన మొక్కలు: 400. ఉన్న మొక్కలు: 401. కోత నిలిపివేయబడింది."

"మళ్ళీ లెక్కపెట్టండి," అన్నాడు డైరెక్టరు గాజు తలుపు అవతల నుంచి.

"ఐదుసార్లు పెట్టాం సార్," అంది ఆకులక్క.

"ఈసారి కొంచెం తక్కువగా పెట్టి చూడండి."

ఆకులక్క ఆ గ్రీన్‌హౌస్ ఇన్‌చార్జి. పదహారేళ్ళుగా అక్కడే పని. కళ్ళు మూసుకుని ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఇది ఎన్నో రోజు ఆకో చెప్పగలదు. ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎవరికీ గుర్తులేదు.

పాఠకుల సౌకర్యార్థం అక్కడ జరిగే పని గురించి రెండు ముక్కలు. పొగాకుకు వేలువిడిచిన మేనకోడలు వరసయ్యే ఒక పొట్టి మొక్కను ఐదు వారాలు పెంచుతారు. తర్వాత కుండీతో సహా తలకిందులు చేసి, బాక్టీరియా కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచి, తొట్టిలోని గాలి లాగేస్తారు. గాలి తిరిగి వదలగానే ఆ నీళ్ళు ఆకుల్లోకి ఇంకిపోతాయి. బాక్టీరియా తన వెంట మోసుకొచ్చిన జన్యువును ఆకులో దింపుతుంది. ఆకు దాన్ని తన సొంత జన్యువే అనుకుని, ఏడు తరాల్లో ఎన్నడూ వండని ఒక ప్రొటీన్‌ను వండటం మొదలుపెడుతుంది. ఆ ప్రొటీన్‌ను పిండి, వడగట్టి, శుభ్రం చేస్తే టీకా మందు. (పైనుంచి వచ్చిన ఆదేశాన్ని ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని అడక్కుండా ఏడు రోజులు సెలవు లేకుండా పనిచేసే సిబ్బంది ఆ సంస్థలో ఈ మొక్కలొక్కటే.)

ఏడో రోజుకు ఆకులో ప్రొటీన్ నిండుగా ఉంటుంది. ఎనిమిదో రోజుకు ఆకు అలిసిపోయి, తను వండినదాన్ని తనే తినేయడం మొదలుపెడుతుంది.

ఆ శుక్రవారం ఏడో రోజు. కోతకు గడువు సాయంత్రం ఐదు.

ఇది పసిపిల్లల జ్వరానికి తయారుచేస్తున్న టీకా. పరీక్షలకు ఒప్పుకున్న ఆస్పత్రి ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఇంతకుముందు మూడు పంటలు కోతదాకా వచ్చి ఆవిరి బాయిలర్ పాలయ్యాయి. మొదటిది, అనుమతి కాగితం మీద తేదీ పక్కన వారం పేరు రాయలేదని. రెండోది, రాసిన వారం ఆ తేదీకి సరిపోలేదని. మూడోది, ప్రవేశపత్రం లేకుండా ఒక సాలెపురుగు కనిపించిందని. నాలుగోది కూడా పోతే గ్రీన్‌హౌస్ మూసేసి ఆ స్థలాన్ని కార్ల పార్కింగుకు కేటాయిస్తారు. ఆ నోటీసు అచ్చయి డైరెక్టరు సొరుగులో ఉంది. తేదీ ఒక్కటే ఖాళీ.

ఆకులక్క తెర ముందుకెళ్ళి కారణాల జాబితా తెరిచింది. మొక్కలు తక్కువైతే ఎంచుకోవడానికి పద్నాలుగు కారణాలున్నాయి: కుళ్ళినది, ఎండినది, పురుగు తిన్నది, పడిపోయినది, సహజంగా చనిపోయినది, అనుమానాస్పదంగా చనిపోయినది, ఇలా. మొక్కలు ఎక్కువైతే ఒకే ఒక్క గడి ఉంది. అది ముందే నింపేసి ఉంది.

"అసంభవం. ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయబడినది."

డైరెక్టరు గాజు తలుపుకు మొహం ఆనించి ఆ గడి చదివాడు.

"ఆయనకా?" అన్నాడు. "అందరూ పోయి ఆయనకా?"

* * *

పదీ నలభైకి ప్రధాన తనిఖీ అధికారి వచ్చారు. తెల్లటి రక్షణ దుస్తులు, తలకు టోపీ, బూట్లకు తొడుగులు. వెనకాలే ఫైళ్ళ సంచితో గుమాస్తా. గుమాస్తా పని, అధికారి ముందుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ పైకి చదవడం. ఇరవై ఏడేళ్ళుగా చదువుతున్నాడు. కామా దగ్గర ఊపిరి పీలుస్తాడు, చుక్క దగ్గర వదులుతాడు. మధ్యలో ఉండే అర్థం ఆయన ఉద్యోగ బాధ్యతల్లోకి రాదు.

గ్రీన్‌హౌస్ ముందు గదిలో, చేతులు కడుక్కునే తొట్టెల పక్కన, విచారణ బల్ల వేశారు. గుమాస్తా నిబంధన చదివాడు.

"నిబంధన ముప్పై ఏడు. జన్యువు మార్చిన మొక్కలుండే గదిలోకి బయటి మొక్క రాకూడదు, లోపలి మొక్క బయటికి పోకూడదు. అదనపు మొక్క కనబడితే, దాన్ని నాటిన వ్యక్తి ఎవరో విచారించి, నివేదికలోని తొమ్మిదో గడిలో రాయవలెను. పేరు తెలిసినచో పంటను అనుమతించవచ్చు. పేరు తెలియనిచో మొత్తం పంటను ఆవిరితో నాశనం చేయవలెను."

"విన్నారుగా," అన్నారు అధికారి. "ఒక్క పేరు. అది దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలను. వాడు ఎంతటివాడైనా సరే వదలను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని సామెత. ఆ గదిలో దొంగ తప్ప అందరూ భుజాలు తడుముకున్నారు.

ఎందుకంటే ఆ మొక్కను నాటింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. ఊడ్చే ఆవిడకు తెలుసు. వాచ్‌మన్‌కు తెలుసు. డైరెక్టరుకు అందరికంటే బాగా తెలుసు.

ఆరు వారాల కిందట ఇదే అధికారి ఇదే గ్రీన్‌హౌస్‌ను తనిఖీ చేయడానికి వచ్చారు. ఆయన కార్యాలయం నుంచి రెండు రోజుల ముందే కార్యక్రమ పట్టిక వచ్చింది. ఒకటి, పుష్పగుచ్ఛం. రెండు, తేనీరు. మూడు, అధికారి గారు మొక్క నాటుట. నాలుగు, ఫొటో. ఐదు, తనిఖీ (సమయం మిగిలినచో).

తనిఖీలో మొక్క నాటడం ఆయన పద్ధతి. ఆ ఏడాది అప్పటికి నూట పన్నెండు నాటారు. జైల్లో నాటారు. విమానాశ్రయంలో నాటారు. చేపల శీతల గిడ్డంగిలో నాటారు. ఎక్కడెక్కడ నాటారో ఆయనకు గుర్తుండదు, నాటిన ఏ మొక్కనూ ఆయన చూడలేదు. నాటేటప్పుడు ఆయన చూపు కెమెరా మీద ఉంటుంది.

"సార్, ఈ గదిలో అదనంగా మొక్క నాటకూడదు," అని ఆ రోజు ఆకులక్క అనబోయింది. "సార్" దాకా వచ్చేసరికి డైరెక్టరు ఆమె కాలు తొక్కాడు. బయట గుమ్మం దగ్గర ఎవరో బంతి మొక్క పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అది లోపలికొస్తే పంట మొత్తం గోవిందా. ఆకులక్క ఒక్క క్షణం ఆలోచించి, నారు పళ్ళెంలో మిగిలిన ఒక మొలకను తీసి ఖాళీ కుండీతో సహా ఆయన చేతికిచ్చింది. కనీసం జాతన్నా కలుస్తుంది. అధికారి నాటారు. ముప్పై నలుగురు చప్పట్లు కొట్టారు. ఐదో అంశానికి సమయం మిగల్లేదు.

ఆయన కారు గేటు దాటగానే ఆకులక్క ఆ కుండీ తీయబోయింది.

"ఆగమ్మా," అన్నాడు డైరెక్టరు. "రేపొచ్చి నా మొక్కేదని అడిగితే? పెద్దాయన నాటింది పీకిన చేతులు అంటారు. సోమవారం చూద్దాం."

ఆరు సోమవారాలు గడిచాయి. తెర మొక్కల లెక్క అడిగేది కోత రోజునే. నంబరు చీటీ లేని ఆ మొక్క మిగతావాటితో పాటే పెరిగింది, వాటితో పాటే తొట్టిలో మునిగింది, వాటితో పాటే టీకా వండుతోంది.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది పాత సమస్య. ఇక్కడ పిల్లే బల్ల వెనక కూర్చుని, గంట ఎక్కడని అందరినీ అడుగుతోంది.

* * *

పదకొండున్నరకు మొదటి సాక్షి వాచ్‌మన్.

"ఈ ఆరు వారాల్లో లోపలికి ఎవరెవరు వచ్చారు?"

"రిజిస్టర్లో ఉన్నవాళ్ళే వచ్చారండి."

"రిజిస్టర్లో లేనివాళ్ళు?"

"రిజిస్టర్లో లేకుండా ఎవరొస్తారండీ, ప్రముఖులు తప్ప."

"ప్రముఖులు ఎందుకు సంతకం పెట్టరు?"

"వద్దని తమరి ఆర్డరేనండి. గోడకి అంటించాం."

అధికారి ఆ ఆర్డరు తెప్పించి గుమాస్తా చేత చదివించుకుని, భాష బాగుందని మెచ్చుకున్నారు. ప్రముఖులు మొక్కలు నాటరు కాబట్టి ఆ దారి మూసేయమన్నారు.

రెండో సాక్షి శాస్త్రవేత్త. ఆయన్ని అందరూ గ్రాముల సారు అంటారు. కిలో ఆకుకు ఇన్ని మిల్లీగ్రాముల ప్రొటీన్ అన్న లెక్క తప్ప ఆయన నోట మరో మాట రాదు. ఇంట్లో ఎలా ఉన్నారంటే కూడా ఒక అంకె చెబుతాడని ప్రతీతి.

"ఈ మొక్కల్లో ఏదైనా ప్రసవించి ఉండొచ్చా?" అని అడిగారు అధికారి.

"సార్?"

"పిల్ల పెట్టి ఉండొచ్చా అని."

"ఇవి పువ్వు పూయకముందే కోస్తాం సార్. ఇప్పుడు కిలోకి మూడొందల ఇరవై ఉంది. మీరు ఇంకో గంట మాట్లాడితే మూడొందల పది."

"అది కాదు. ప్రసవించలేదని రాసివ్వండి."

గ్రాముల సారు రాసిచ్చాడు: "ఈ ఆరు వారాల కాలంలో గ్రీన్‌హౌస్ మూడులోని ఏ మొక్కా ప్రసవించలేదని ధ్రువీకరించడమైనది." మూడు ప్రతులు. ఒకటి మొక్కలకు.

పన్నెండుకు బాయిలర్ బాబాయ్ తలుపు తోసుకుని వచ్చాడు. పంటలను ఆవిరి పట్టించడం ఆయన పని. నిబంధన ప్రకారం విచారణ జరుగుతున్నంతసేపూ బాయిలర్ వేడిగా ఉంచాలి.

"ఆవిరి సిద్ధం. తెచ్చేస్తారా?"

"ఇంకా లేదు బాబాయ్," అంది ఆకులక్క.

"గంట గంటకీ వచ్చి అడగమన్నారమ్మా. నాకేం సరదానా? పోయినసారి ఆ సాలెపురుగుని కూడా వేశాను, ఇప్పటికీ కలలోకొస్తది."

తర్వాత అధికారి స్వయంగా గ్రీన్‌హౌస్‌లో నడిచి మొక్కలు లెక్కపెట్టారు. నాలుగు వందల ఒకటి. వెనక నుంచి ముందుకు పెట్టారు. నాలుగు వందల ఒకటి. లెక్కలో పక్షపాతం ఉండకూడదని కళ్ళజోడు తీసేసి లెక్కపెట్టారు. మూడు వందల డెబ్భై. ("చూశారా, సార్ పెడితే తగ్గుతున్నాయి," అన్నాడు డైరెక్టరు ఆశగా.) చివరికి నంబరు చీటీ లేని కుండీని పట్టుకొచ్చి విచారణ బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నిందితురాలిగా కాదు, సాక్షిగా. సాక్షికి నీళ్ళు ఇవ్వాలని నిబంధన ఉంది. ఇచ్చారు.

అధికారి ముందుకు వంగి దాన్ని తేరిపార చూశారు. తన జీవితంలో ఒక మొక్కను అంతసేపు చూడటం ఆయనకు అదే మొదలు.

"వేరు దగ్గర మట్టి ఎంత చక్కగా సర్దాడో చూడండి," అన్నారు. "కాడ నిటారుగా ఉంది. దొంగవెధవే కానీ చేయి మంచిది."

అవునంటే అధికారిని వెధవ అన్నట్టు. కాదంటే అధికారి చేయి మంచిది కాదన్నట్టు. డైరెక్టరుకు దగ్గు తెర వచ్చింది. మిగతావాళ్ళకూ వరసగా వచ్చింది.

"ఇక్కడ అందరికీ ఆరోగ్యం బాగాలేదా?" అన్నారు అధికారి. "అది సరే, ఆ గోడ మీద మంటలార్పే సూచనల కాగితం అంత వంకరగా ఎందుకుంది?"

వంకరగా ఉండటానికి కారణం, దాని కింద అద్దాల చట్రంలో ఒక ఫొటో ఉండటం. ఫొటోలో అధికారి, కుండీ, చప్పట్లు. డైరెక్టరు పొద్దున తొమ్మిదిన్నరకే కుర్చీ ఎక్కి స్వయంగా కాగితం అంటించాడు.

"నిప్పంటుకుంటే జనం కంగార్లో వంకరగా చూస్తారు సార్," అన్నాడు. "వాళ్ళకి తిన్నగా కనబడాలని."

అధికారి ఆ ముందుచూపును నోట్ చేసుకోమన్నారు.

* * *

మూడింటికి, బట్టలు మార్చుకునే గదిలో రహస్య సమావేశం. డైరెక్టరు, గ్రాముల సారు, ఆకులక్క, గుమ్మంలో బాయిలర్ బాబాయ్.

"రెండొందల ఎనభై," అన్నాడు గ్రాముల సారు. "ఐదు దాటితే నేను మాట్లాడను."

"ఎవరో ఒకరు చెప్పేయాలి సార్ ఆయనకి," అంది ఆకులక్క.

"చెప్పొచ్చు," అన్నాడు డైరెక్టరు. "నేనైతే రిటైర్మెంటు అయ్యాక చెబుదామనుకుంటున్నా."

"అదెప్పుడు?"

"పదకొండేళ్ళుంది."

డైరెక్టరు బూటు తొడుగుల పెట్టె మీద కూర్చుని, గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఆకులక్కా. తొమ్మిదో గడికి ఒక పేరు కావాలి. ఏ పేరైనా సరే. నారు నువ్వే పోశావు, కుండీ నువ్వే ఇచ్చావు. ఆ లెక్కన చూస్తే..."

"ఆ లెక్కన చూస్తే నేనా సార్?"

"నువ్వని నేనెక్కడన్నాను? నీ పేరన్నాను. పేరు వేరు, మనిషి వేరు. పంట బతుకుతుంది. ఆస్పత్రిలో పిల్లలకి టీకా అందుతుంది. మేమంతా నిన్ను మనసులో మెచ్చుకుంటాం."

"మరి శిక్షేంటి?"

డైరెక్టరు గ్రాముల సారు వైపు చూశాడు. గ్రాముల సారు గడియారం వైపు చూశాడు. చెప్పాల్సిన పని బాయిలర్ బాబాయ్ మీద పడింది.

"జీవితంలో మళ్ళీ ఏ గ్రీన్‌హౌస్‌లోనూ అడుగు పెట్టకూడదంటమ్మా. మొక్క ముట్టుకోకూడదంట. ఇందాక ఆ అధికారి గుమాస్తాకి చెబుతుంటే విన్నాను. ఎవడైనా సరే, ఇదే శిక్షంట."

ఆకులక్క రెండు చేతుల వైపూ చూసుకుంది. గోళ్ళ సందుల్లో పదహారేళ్ళ ఆకుపసరు. అది సబ్బుకు పోదు. ఆమెకు వచ్చిన పని ఇది ఒక్కటే. ఊళ్ళో గ్రీన్‌హౌస్‌లున్న సంస్థా ఇది ఒక్కటే. తన పేరు రాస్తే పంట ఉంటుంది, తను ఉండదు. రాయకపోతే రెండూ ఉండవు.

"ఇంటికి ఒక ఫోన్ చేసుకుంటాను," అంది.

ఇంట్లో ఫోనెత్తింది అత్తగారు. ఆమె ముప్పై ఏళ్ళు జనన మరణాల నమోదు కార్యాలయంలో పనిచేసి రిటైరైంది. బతికున్నవాళ్ళు తాము చనిపోలేదని రుజువు చేసుకోలేక తిరిగి వెళ్ళడం, చనిపోయినవాళ్ళ తరఫున ఎవరో వచ్చి ఒక్క నిమిషంలో పని ముగించుకోవడం ఆమె రోజూ చూసింది. కోడలు చెప్పిందంతా ఊఁ కొడుతూ విని, అడిగింది.

"ఆయనతో నోటితో చెప్పావా?"

"లేదత్తయ్యా. ఎవరూ చెప్పట్లేదు."

"చెప్పకు. నోటితో చెబితే ఎదిరించినట్టు. గడిలో రాస్తే వివరాలు నింపినట్టు. రెండూ ఒకటే మాట, కానీ మొదటిదానికి ఉద్యోగం పోతుంది, రెండోదానికి రసీదు ఇస్తారు."

"రాస్తే మాత్రం ఆయన చదవడా?"

"ఏ అధికారి చదువుతాడమ్మా? నేను ముప్పై ఏళ్ళు సంతకాలు పెట్టించాను. ఒకాయన చేత ఆయన మరణ ధ్రువపత్రం మీదే పెట్టించాను, పొరపాటున. గుండ్రంగా పెట్టాడు. సరేగానీ, వచ్చేటప్పుడు నా కళ్ళమందు తీసుకురా."

* * *

నాలుగూ ఇరవైకి విచారణ మళ్ళీ మొదలైంది. బాయిలర్ బాబాయ్ ఈసారి వెళ్ళిపోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. గది గోడలకు చెమట పట్టింది.

"పేరు దొరికిందా?" అన్నారు అధికారి.

"దొరికింది సార్," అన్నాడు డైరెక్టరు తల వంచుకుని. "మా ఇన్‌చార్జి గారే స్వయంగా నింపుతారు."

అందరూ ఆకులక్క వైపు చూశారు. కత్తెరల ఆడవాళ్ళలో ఒకామె కళ్ళు ఒత్తుకుంది. డైరెక్టరు తన సొంత పెన్ను తీసి ఇచ్చాడు. (మూత మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.)

నివేదికలో పదకొండు గడులున్నాయి. ఆకులక్క ఒక్కొక్కటే నింపింది. మొక్క జాతి. మొక్క నంబరు: లేదు. మొక్క వయసు. ఆకుల సంఖ్య. నాటిన తేదీ. నాటిన సమయం. నాటడానికి అందించిన వ్యక్తి: అక్కడ తన పేరు రాసింది, నిజం కాబట్టి. ఎవరి అనుమతితో: "డైరెక్టరు గారు, కాలు తొక్కుట ద్వారా." తొమ్మిదో గడి దగ్గర చేయి ఆగింది. బయట కారు ఏదో వెనక్కి తీస్తున్న చప్పుడు. అక్కడ పార్కింగు స్థలం నిజంగానే తక్కువ.

తొమ్మిదో గడి కూడా నింపింది, ఆ తర్వాత మిగిలిన రెండూ నింపింది. తొమ్మిదోది చిన్న గడి. అక్షరాలు కొంచెం ఇరుక్కున్నాయి.

నివేదికను గుమాస్తా అధికారి ముందు పెట్టాడు. అధికారి పెన్ను తీశారు. డైరెక్టరు కాగితం మీదికి ఒక్కసారి మెడ చాచాడు, మంచి మర్యాద కాదని వెనక్కి తీసుకున్నాడు.

"చదవమంటారా?" అన్నాడు గుమాస్తా.

"ముందు సంతకం. తర్వాత చదవడం," అన్నారు అధికారి. "చదివి సంతకం పెడితే, మనసులో అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది. తీర్పు నిష్పక్షపాతంగా ఉండాలి."

ఆయన శాఖలో ఇది తరతరాల పద్ధతి. సంతకం క్షణంలో అయిపోతుంది, చదవడానికి అరగంట పడుతుంది. అరగంటలో మనసు మారితే కాగితం మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ముందు సంతకం పెట్టి, ఆ తర్వాత సంతకం పెట్టినదేమిటో సావధానంగా వింటారు. విన్నాక నివేదికను మార్చడానికి వీల్లేదు. ఆ నిబంధనను పటిష్ఠం చేసింది కూడా ఆయనే.

సంతకం పెట్టారు. పక్కన వేలిముద్ర వేశారు. గుమాస్తా ఆ పేజీని తెర ముందు చూపించాడు. తెర మూడు క్షణాలు ఆలోచించింది.

"మూలం తెలిసిన అదనపు మొక్క: 1. పంట అనుమతించబడినది."

ఎర్ర దీపం ఆగింది. సమయం నాలుగూ నలభై ఒకటి.

"కొయ్యండి," అంది ఆకులక్క.

ఆరు కత్తెరలు ఒక్కసారి లేచాయి. గాజు తలుపు అవతల ఆకులు టపటపా బుట్టల్లో పడుతున్నాయి. గ్రాముల సారు మొదటి బుట్టను రెండు చేతులా ఎత్తుకుని, చంటిపిల్లను తీసుకెళ్తున్నట్టు శీతల గదికి పరుగెత్తాడు. "రెండొందల అరవై," అన్న మాట నడవాలో వినిపించింది. ఆయన గొంతులో అంత సంతోషం ఎవరూ ఎప్పుడూ వినలేదు. బాయిలర్ బాబాయ్ వెళ్ళి మంట తగ్గించి వచ్చాడు.

ఆకులక్క మాత్రం కదల్లేదు. బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

అధికారి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నారు. రోజంతా పడ్డ శ్రమకు ఫలితం వినే సమయం. డైరెక్టరు బాధగా మొహం పెట్టి, ఆకులక్క భుజం తట్టడానికి అనువైన దూరంలో నిలబడ్డాడు.

"చదువు," అన్నారు అధికారి. "ముందు శిక్ష చదువు. ఆ చదివేటప్పుడు వాడి మొహం నేను చూడాలి."

"కళ్ళు మూసుకున్నారు సార్," అన్నాడు డైరెక్టరు.

"మనసుతో చూస్తాను."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. కామా దగ్గర ఊపిరి పీల్చాడు.

"పదో గడి. శిక్ష. దోషి ఇకమీదట జీవితకాలం ఏ గ్రీన్‌హౌస్‌లోనూ, తోటలోనూ, కార్యాలయ ఆవరణలోనూ, జైలులోనూ, విమానాశ్రయంలోనూ మొక్క నాటరాదు, మొక్కను ముట్టరాదు, మొక్క పక్కన ఫొటో దిగరాదు. ఈ శిక్షకు అప్పీలు లేదు."

"ఫొటో సంగతి నేను చెప్పలేదే," అన్నారు అధికారి కళ్ళు తెరవకుండానే. "ఎవరు చేర్చారో గానీ బాగుంది. అలాంటివాడికి అదే సరైన శిక్ష. పేరు చదువు."

డైరెక్టరు చేయి ఆకులక్క భుజం మీదికి లేచింది. గుమాస్తా వేలు తొమ్మిదో గడి మీదికి వచ్చింది. ఇరుకు అక్షరాలు కావడంతో కాగితాన్ని కొంచెం వెలుతురు వైపు తిప్పి, ఇరవై ఏడేళ్ళుగా మారని గొంతుతో, ప్రతి ముక్కా స్పష్టంగా చదివాడు.

"తొమ్మిదో గడి. మొక్కను నాటిన దోషి: గౌరవనీయులైన ప్రధాన తనిఖీ అధికారి గారు, స్వహస్తాలతో."